ఎవరు కొలిచిన అంకె? ఆహార పట్టికల చరిత్ర

కేలరీలు లెక్కపెట్టే యాప్ ఏదైనా తెరిచి అన్నం కోసం వెతికితే ఒక్క సమాధానం రాదు. ఒక పొడవాటి జాబితా వస్తుంది. అందులో ఒక వరుసలో 100 గ్రాములకు 130 కేలరీలని ఉంటే, ఇంకొక వరుసలో 350 దాకా ఉండవచ్చు. రెండు అంకెలూ నిజమే కావచ్చు. మొదటిది వండిన అన్నానిది, రెండవది వండని బియ్యానిది. ఆ సంగతి రాయవలసిన చోట రాయలేదు.

బరువు తగ్గాలనుకునేవారికి ఈ పొరపాటు వల్ల జరిగే నష్టం పెద్దది కాకపోవచ్చు. ఇన్సులిన్ తీసుకునేవారి పరిస్థితి వేరు. భోజనంలో పిండిపదార్థం ఎన్ని గ్రాములుందో అంచనా వేసుకుని, దాన్నిబట్టి వారు మందు మోతాదు నిర్ణయించుకుంటారు. 100 గ్రాముల వండిన అన్నంలో పిండిపదార్థం సుమారు 28 గ్రాములు. అంతే బరువున్న బియ్యంలో దాదాపు 78 గ్రాములు. పది గ్రాములకు ఒక యూనిట్ చొప్పున తీసుకునే మనిషి ఒక వరుసను నమ్మితే మూడు యూనిట్లు, రెండో వరుసను నమ్మితే దాదాపు ఎనిమిది యూనిట్లు తీసుకుంటాడు. ఆ తేడాకు రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోగలదు.

ఇటువంటి వరుసల్లో చాలావాటిని యాప్ వాడేవారే చేర్చారు. అందుకని తప్పంతా ఊరూ పేరూ లేని జనానిదే అనుకోవడం తేలిక. కానీ ఆహారపు అంకె ఎలా పుట్టింది, చేతులు మారుతూ దారిలో ఏమేమి పోగొట్టుకుంది అన్నది చూస్తే, ఈ కథ యాప్‌ల కంటే చాలా ముందే మొదలైందని తెలుస్తుంది.

మిడిల్‌టౌన్: అంకెతో పాటు దాని హద్దులు

అమెరికాలోని కనెటికట్ రాష్ట్రంలో, మిడిల్‌టౌన్ పట్టణంలోని వెస్లియన్ విశ్వవిద్యాలయంలో విల్బర్ ఆట్‌వాటర్ రసాయనశాస్త్ర ఆచార్యులుగా ఉండేవారు. జర్మనీలో పోషకాహార పరిశోధనల తీరు నేర్చుకుని వచ్చిన ఆయన, 1890లలో భౌతికశాస్త్రవేత్త ఎడ్వర్డ్ రోజాతో కలిసి ఒక మనిషి లోపల ఉండగలిగే చిన్న గదిని కట్టించారు. ఆ గదిలో మనిషి రోజుల తరబడి తిని, పడుకుని, వ్యాయామం చేస్తుంటే, అతని శరీరం నుంచి వచ్చే వేడినీ, వదిలే గాలినీ బయటినుంచి కొలిచేవారు. తిన్న పదార్థాన్ని విడిగా ఆక్సిజన్‌లో మండించి దానిలోని శక్తిని లెక్కగట్టేవారు. మలమూత్రాలతో బయటికి పోయేదాన్ని అందులోంచి తీసివేసేవారు.

ఆ శ్రమ ఫలితమే నేటికీ ప్రపంచమంతా వాడుతున్న సూత్రం: ఒక గ్రాము మాంసకృత్తులకు 4 కేలరీలు, పిండిపదార్థానికి 4, కొవ్వుకు 9. ఇవి సగటు విలువలు. ఏ పదార్థానికైనా అచ్చంగా అలాగే సరిపోతాయని కాదు.

ఆట్‌వాటర్, చార్లెస్ వుడ్స్ కలిసి 1896లో అమెరికా వ్యవసాయశాఖ తరఫున 28వ సంఖ్య బులెటిన్‌గా అమెరికన్ ఆహారపదార్థాల పట్టికలు ప్రచురించారు. ఆ పట్టికల్లో ప్రతి పదార్థానికీ ఎన్ని నమూనాలు పరీక్షించారో ఉంటుంది. వాటిలో కనిష్ఠం ఎంత, గరిష్ఠం ఎంత, సగటు ఎంత అనేవి విడివిడిగా ఉంటాయి. మాంసం ఏ భాగం నుంచి తీసినదో, తినడానికి పనికిరాని ఎముక, తొక్క వంటివి అందులో ఎంతో కూడా ఉంటుంది. పాఠకుడికి ఒక అంకెతో పాటు, ఆ అంకెను ఎంతవరకు నమ్మవచ్చో కూడా అందులో దొరికేది.

ఈ హద్దులు చెరిగిపోవడానికి ఎంతోకాలం పట్టలేదు. లాస్ ఏంజెలిస్ వైద్యురాలు లూలూ హంట్ పీటర్స్ 1918లో వెలువరించిన పుస్తకం కేలరీ అన్న మాటను అమెరికన్ వంటింట్లోకి తెచ్చింది. రొట్టెముక్కను రొట్టెముక్క అనడం మాని 100 కేలరీల రొట్టె అనండి అని ఆమె పాఠకులకు నేర్పారు. మామూలు మనుషులకు లెక్క సులువైంది. కనిష్ఠం, గరిష్ఠం, నమూనాల సంఖ్య మాత్రం ప్రయోగశాలలోనే ఉండిపోయాయి.

లండన్: తప్పు చెప్పడానికి ఒక మనిషి

బ్రిటన్‌లో ఆహార పట్టికల పని మధుమేహ వైద్యంతో ముడిపడి మొదలైంది. కింగ్స్ కాలేజ్ ఆసుపత్రి వైద్యుడు రాబిన్ లారెన్స్ స్వయంగా మధుమేహ రోగి; 1923లో ఇన్సులిన్ అందడంతో ప్రాణాలు దక్కించుకున్నవారు. పళ్ళలో, కూరగాయల్లో ఒంటికి పట్టే పిండిపదార్థం ఎంతో తెలియకుండా మోతాదు నిర్ణయించడం ఎలాగన్నది ఆయనకు సొంత సమస్య. అక్కడే పనిచేస్తున్న రాబర్ట్ మెకాన్స్ ఆ కొలతలు చేపట్టారు. ఇద్దరి పేర్లతో 1929లో పిండిపదార్థాలపై నివేదిక వెలువడింది.

మాంసం వండితే అందులోంచి ఏమేమి పోతాయో పరీక్షించడానికి మెకాన్స్ ఆసుపత్రి వంటశాలకు వస్తూండేవారు. 1933లో అక్కడ ఆయనకు ఎల్సీ విడోసన్ పరిచయమయ్యారు. యాపిల్‌పళ్ళలోని చక్కెరల మీద పరిశోధన చేసి డాక్టరేట్ పొందిన ఆమె, అప్పుడు పథ్యాహార శాస్త్రంలో శిక్షణ పొందుతున్నారు. పళ్ళకు మెకాన్స్ ఇచ్చిన అంకెలు తక్కువగా ఉన్నాయని ఆమె ఆయనతోనే చెప్పారు. పరీక్షలో వాడిన ఆమ్లం పండ్లచక్కెరను కొంత నాశనం చేసిందనీ, నాశనమైన భాగం లెక్కలోకి రాలేదనీ వివరించారు. మెకాన్స్ ఆ విమర్శను కొట్టిపారేయలేదు. ఆ విలువలన్నింటినీ తిరిగి కొలవడానికి ఆమెకు నిధులు ఇప్పించారు. అప్పటినుంచి దాదాపు అరవై ఏళ్ళు ఇద్దరూ కలిసి పనిచేశారు. 1940లో వెలువడిన వారి ఆహార రసాయన సంఘటన పుస్తకం నేటికీ వారి పేర్లతోనే కొత్త కూర్పులుగా వస్తోంది.

ఆ పుస్తకంలో వండిన వంటకాలకు కూడా చోటుంది. వాటి వంట పద్ధతులు కూడా ఉన్నాయి. తరువాతి కూర్పుల్లో ఇంకొక మంచి అలవాటు కుదిరింది. పదార్థంలో పోషకం లేకపోతే సున్నా వేస్తారు. లేశమాత్రంగా ఉంటే దానికొక గుర్తు. ఉందని తెలిసీ, నమ్మదగిన కొలత లేకపోతే ‘ఎన్’ అన్న అక్షరం. లేకపోవడం వేరు, తెలియకపోవడం వేరు అన్న వివేకం ఆ చిన్న అక్షరంలో ఉంది.

కూనూరు నుంచి హైదరాబాదుకు

మన దేశపు పట్టికలకు మూలం నీలగిరుల్లోని కూనూరు. 1918లో అక్కడి పాశ్చర్ సంస్థలో ఒక గదిలో రాబర్ట్ మెకారిసన్ బెరిబెరి వ్యాధి మీద పరిశోధన ఆరంభించారు. ఆ గదే పెరిగి పోషకాహార పరిశోధనశాల అయింది. 1935లో దాని బాధ్యత తీసుకున్న వాలెస్ ఏక్‌రాయిడ్ 1937లో 23వ సంఖ్య హెల్త్ బులెటిన్‌గా భారతీయ ఆహారాల పోషక విలువలు ప్రకటించారు. ఆకలి మీద తరువాత జరిగిన విచారణలోనూ ఆయన పాత్ర ఉంది: 1943 బెంగాల్ కరువుపై వేసిన కమిషన్‌లో ఆయనొక సభ్యులు. ఎక్కువ తిన్నామేమోనని నేడు మనం తెరుస్తున్న పట్టిక, తక్కువ ఖర్చుతో కడుపు ఎలా నింపాలన్న ప్రశ్నతో మొదలైంది.

ఆ పరిశోధనశాల 1950ల చివర హైదరాబాదుకు తరలివచ్చింది. 1969లో దానికి జాతీయ పోషకాహార సంస్థ అన్న పేరు వచ్చింది. సి. గోపాలన్, బి.వి. రామశాస్త్రి, ఎస్.సి. బాలసుబ్రమణియన్ కూర్చిన పట్టికలు 1971లో అక్కడినుంచే వెలువడ్డాయి. 2017లో వచ్చిన కొత్త పట్టికల కోసం దేశాన్ని ఆరు ప్రాంతాలుగా విడదీసి నమూనాలు సేకరించి, 528 ఆహారపదార్థాలను విశ్లేషించారు. అందులో మన గోంగూర కూడా ఉంది, గోగు ఆకు అన్న పేరుతో, పచ్చనిదీ ఎర్రనిదీ విడివిడిగా.

అయితే ఈ పట్టికలు ప్రధానంగా ముడిపదార్థాలవి. గోగు ఆకు ఉంది, గోంగూర పచ్చడి లేదు. మినప్పప్పు ఉంది, గారె లేదు. వాడుకదారులు చొరబడిన ఖాళీ సరిగ్గా ఇదే.

పొట్లం మీది అంకె

అమెరికాలో 1990నాటి చట్టం వల్ల, 1994 నుంచి పొట్లాల మీద పోషక వివరాలు ముద్రించడం తప్పనిసరి అయింది. ప్రభుత్వం ఆదేశించిన అంకె కాబట్టి అది కచ్చితమైనదని మనం అనుకుంటాం. నిబంధన అంత కఠినం కాదు. పరీక్షలో తేలిన కేలరీలు ముద్రించిన దానికంటే 20 శాతం మించనంత వరకు దాన్ని తప్పుడు ముద్రణగా పరిగణించరు. 50 కేలరీలు దాటితే దగ్గరి పదికి సవరించి వేయవచ్చు. ఒక వడ్డనలో 5 కేలరీల కంటే తక్కువ ఉంటే సున్నా అని వేయవచ్చు. పెనం మీద చల్లే నూనె డబ్బా మీద సున్నా కేలరీలుండడం ఈ చివరి వెసులుబాటు చలవే. అందులో ఉన్నది దాదాపు అంతా కొవ్వే. కాకపోతే వడ్డన అంటే క్షణంలో కొద్ది భాగం సేపు చల్లినది. దాన్ని పది రెట్లు చల్లినా యాప్ పది సున్నాలు కూడి సున్నాయే చూపిస్తుంది.

ఆట్‌వాటర్ సగటులకూ పరిమితి ఉంది. అమెరికా వ్యవసాయశాఖ శాస్త్రవేత్తలు 2012లో మనుషులకు బాదంపప్పు తినిపించి చూస్తే, 28 గ్రాములకు లెక్కప్రకారం రావలసిన సుమారు 170 కేలరీలకు బదులు 129 మాత్రమే ఒంటికి పట్టినట్టు తేలింది. గింజలోని కొవ్వు కొంత అరగకుండానే పోతుంది.

జనం చేర్చిన వరుసలు

2005లో మైఫిట్‌నెస్‌పాల్ మొదలయ్యాక, ఆ తరువాత స్మార్ట్‌ఫోన్లు చేతికొచ్చాక, పట్టికలో వరుస చేర్చే అధికారం అందరికీ దక్కింది. ఏ సంస్థా కొలవని లక్షల వంటకాలు పట్టికలకెక్కాయి. ఇది చిన్న ప్రయోజనం కాదు. పెసరట్టు, పులిహోర, గుత్తివంకాయ ఏదో ఒక రూపంలో అక్కడ దొరకడం వాడుకదారుల చలవే.

పోయినదల్లా అంకె చుట్టూ ఉండవలసిన వివరం. అందువల్ల కలిగే తప్పులు కొన్ని పదేపదే కనిపించే రకాలు. వండినదో వండనిదో చెప్పకపోవడం మొదటిది. కిలోజౌళ్ళను కేలరీలుగా ఎక్కించడం రెండవది: 2017నాటి మన పట్టికల్లో శక్తి కిలోజౌళ్ళలోనే ఉంది, బియ్యానికి దాదాపు 1,490, అది చూసి కేలరీలనుకుంటే అంకె నాలుగింతలకు పైగా పెరుగుతుంది. మూడవది కొలత పాత్ర. ఒక గిన్నె సాంబారు అంటే ఎవరి గిన్నె? మానిక, తవ్వ, సోల వాడిన రోజుల్లో కనీసం ఆ ఊళ్ళో అందరికీ ఒకే మానిక ఉండేది. నాలుగవది అన్నింటికంటే నిశ్శబ్దమైనది. కేలరీలు మాత్రమే నింపి మిగతా గడులు వదిలేస్తే, ఆ ఖాళీలు రోజు మొత్తంలో సున్నాలుగా కలిసిపోతాయి. మూత్రపిండాల వ్యాధి ఉండి పొటాషియం లెక్క చూసుకునేవారికి ఆ సున్నా అబద్ధపు భరోసా. ‘ఎన్’ అన్న అక్షరం చేసిన పని చేయడానికి అక్కడ ఎవరూ లేరు.

మన వంటకాలకు వచ్చేసరికి చిక్కు ఇంకా ఎక్కువ. ఒక పెద్ద చెంచాడు నూనెలో దాదాపు 120 కేలరీలుంటాయి. వంకాయకూరలో ఒక చెంచా వేసే ఇంటికీ నాలుగు చెంచాలు వేసే ఇంటికీ పేరు ఒకటే, అంకె ఒకటి కాదు. జాబితాలో తక్కువ అంకె ఉన్న వరుసను ఎంచుకోవాలన్న బలహీనత మనందరిలోనూ ఉంటుంది.

సామాన్యులు చేర్చినంత మాత్రాన పట్టిక చెడిపోవాలని లేదు. 2012లో ఫ్రాన్స్‌లో మొదలైన ఓపెన్ ఫుడ్ ఫ్యాక్ట్స్ కూడా జనం నింపే కోశమే. అక్కడ పొట్లం ఫొటోలు చూసి అంకెను సరిపోల్చుకోవచ్చు. ఎవరు ఎప్పుడు ఏమి మార్చారో చరిత్ర కనిపిస్తుంది. సాక్ష్యం ఉన్నచోట తప్పు దిద్దడం సాధ్యం.

మిగిలిన పనిముట్టు

చేతిలో ఉన్న యాప్‌ను ఇప్పటికిప్పుడు మార్చలేకపోయినా, ఆట్‌వాటర్ వదిలివెళ్ళిన పరీక్ష మన దగ్గరుంది. ఏ వరుసలోనైనా మాంసకృత్తుల గ్రాములను 4తో, పిండిపదార్థాన్ని 4తో, కొవ్వును 9తో హెచ్చవేసి కూడితే, చూపిన కేలరీలకు దగ్గరగా రావాలి. పీచు ఎక్కువున్న పదార్థాల్లోనూ, మద్యంలోనూ కొంత తేడా సహజం. తేడా మరీ ఎక్కువైతే ఆ వరుసను వదిలెయ్యవచ్చు. కిలోజౌళ్ళ పొరపాటు, నింపకుండా వదిలిన కొవ్వు గడి ఈ లెక్కకు దొరికిపోతాయి. పచ్చిదీ వండినదీ తారుమారైతే మాత్రం దొరకదు, ఎందుకంటే బియ్యం అంకెలు బియ్యంగా సరైనవే. మోతాదు నిర్ణయించవలసినవారు ఇంట్లో ముడిసరుకులు తూచుకుని, సంస్థల పట్టికల నుంచి విలువలు తీసుకుని, వండిన మొత్తం బరువుతో భాగించుకోవడమే క్షేమం. మెకాన్స్, విడోసన్ తమ పుస్తకంలో వంటకాలకు చేసిన పని కూడా ఇటువంటిదే.

మెకాన్స్ అంకెలు మొదట తప్పే. నిపుణుడు కొలిచినవే, ప్రభుత్వ నిధులతో అచ్చయినవే అయినా తప్పే. అవి బాగుపడ్డాయంటే, ఏ పద్ధతిలో కొలిచారో రాసి ఉంది, రాసిన మనిషి ఎవరో తెలుసు, ఆ మనిషి అదే వంటశాలకు మళ్ళీ వచ్చేవారు కాబట్టి. నేడు మన ఫోనులోని 350 కేలరీల అన్నం వరుసకు ఈ మూడింటిలో ఒక్కటీ లేదు. అది ఎవరు కొలిచారో, అసలు కొలిచారో లేదో తెలియదు. తప్పని తెలిసినా చెప్పుకోవడానికి ఆ వంటశాలలో ఎవరూ లేరు.