వారానికోసారి వేసుకునే పసుపు బిళ్ళ

బోస్టన్‌లో పీటర్ బెంట్ బ్రిగమ్ అని ఓ ఆస్పత్రి ఉండేది. 1920లలో అక్కడ రాత్రిళ్ళు రోగుల బెడ్‌పాన్లు కడిగి పొట్ట పోసుకున్న ఒకాయన, పగలు హార్వర్డ్‌లో చదువుకునేవాడు. ఊరు భీమవరం, పేరు యల్లాప్రగడ సుబ్బారావు. ఇంతవరకు మనలో చాలామందికి తెలిసిన కథే. నన్ను కుర్చీలోంచి లేపింది దాని రెండో సగం. రుమటాయిడ్ ఆర్థరైటిస్‌కు మెథోట్రెక్సేట్ పనిచేస్తుందని గట్టిగా తేల్చిన పరీక్షల్లో ఒకటి 1985లో అచ్చయింది. ఆ పరీక్ష చేసింది ఆ ఆస్పత్రి డాక్టర్లే. అప్పటికి అది మరో రెండు ఆస్పత్రులతో కలిసి బ్రిగమ్ అండ్ విమెన్స్ అయింది. ఆ మందేమో సుబ్బారావు నడిపిన పరిశోధనశాలలో పుట్టింది. అంటే ఆయన బెడ్‌పాన్లు కడిగిన ఆస్పత్రిలోనే, ఆయన పోయిన ముప్పై ఏడేళ్ళకి, ఆయన మందు కొత్త ఉద్యోగంలో చేరిందన్నమాట.

దాని పాత ఉద్యోగాలు కూడా తక్కువేం కాదు. మెథోట్రెక్సేట్ ఏమిటని కేన్సర్ డాక్టరును అడిగితే పిల్లల రక్త కేన్సర్‌కు వాడే కీమో మందంటారు. చర్మం డాక్టరుకు అది సోరియాసిస్ మందు. కీళ్ళ డాక్టరు చీటీ మీద మొదట పడే పేరు అదే. గర్భం సంచిలో కాక ట్యూబులో నిలిచినప్పుడు, వీలైన చోట ఆపరేషన్ లేకుండా గట్టెక్కించడానికి గైనకాలజిస్టులు ఇదే ఇంజెక్షన్ ఇస్తారు. ఈ పద్ధతిని 1982లో జపాన్ డాక్టర్లు మొదటిసారి ప్రకటించారు. మోతాదుల్లో మాత్రం ఆకాశానికీ భూమికీ ఉన్నంత తేడా. కీళ్ళకు వారానికి 7.5 నుంచి 25 మిల్లీగ్రాములు. కొన్ని కేన్సర్లకు గ్రాముల లెక్కన నరంలోకి ఎక్కించి, గడియారం చూసుకుని ల్యూకోవోరిన్ అనే విరుగుడు ఇస్తారు.

కీళ్ళ డాక్టరు రాసే చీటీ ఎప్పుడైనా పరికించి చూడండి. మెథోట్రెక్సేట్ పేరు కింద ‘వారానికి ఒక్కసారి’ అని రాసి, దాని చుట్టూ సున్నా చుడతారు. పక్కన ‘ఆదివారం మాత్రమే’ అనో మరో వారమో వేసి రెండు గీతలు గీస్తారు. దాని కింద ఫోలిక్ యాసిడ్, అది వేరే రోజున. రెండూ పసుపు పదార్థాలే. అణువు బొమ్మ గీస్తే ఎక్కడ తేడా ఉందో వెతుక్కోవాలి. ఒకటి శరీరానికి కావలసిన విటమిన్, రెండోది ఆ విటమిన్ పనికి అడ్డుపడేది. వారానికోసారి వేసుకోవలసినదాన్ని పొరపాటున రోజూ మింగి ప్రాణం మీదికి తెచ్చుకున్నవాళ్ళు ఎన్నో దేశాల్లో ఉన్నారు. డాక్టరుగారి సున్నాకీ గీతలకీ కారణం అదే.

ఈ రెంటి చుట్టరికం ఎక్కడ మొదలైందని తవ్వుకుంటూ పోతే బొంబాయి బట్టల మిల్లుల్లో తేలాను. 1928లో లూసీ విల్స్ అనే ఇంగ్లండు డాక్టరమ్మ అక్కడికొచ్చింది. మిల్లు పనివాళ్ళ ఇళ్ళల్లో గర్భిణులు విపరీతమైన రక్తహీనతతో చనిపోతున్నారు. ఎర్ర కణాలు తక్కువగా, ఉన్నవి ఉబ్బిపోయి ఉండేవి. ఇనుము ఇస్తే ప్రయోజనం లేదు. ఏ సూక్ష్మజీవో కారణమేమోనని ముందు వెతికింది, దొరకలేదు. పేద ఇళ్ళలో వండుకునే తిండినే ఎలుకలకూ కోతులకూ పెట్టి చూసింది. పరేల్‌లోని హాఫ్‌కిన్ ఇన్‌స్టిట్యూట్‌లో కొన్నాళ్ళు, కూనూరు పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో కొన్నాళ్ళు, మద్రాసు గోషా ఆస్పత్రిలో కొన్నాళ్ళు ఇదే పని.

రక్తం పాలిపోయి నీరసించిన కోతికి ఒకసారి మార్మైట్ పెట్టి చూశారు. బీరు కాచగా మిగిలిన ఈస్టుతో చేసే నల్లటి, ఉప్పటి జిగట లేహ్యం అది. ఇంగ్లండులో బ్రెడ్డు మీద రాసుకు తింటారు. ఇష్టపడేవాళ్ళు ప్రాణం పెడతారు, లేనివాళ్ళు వాసనకే పారిపోతారు. కోతి కోలుకుంది. తర్వాత గర్భిణులకు ఇచ్చారు, వాళ్ళూ కోలుకున్నారు. 1931లో ఆమె ఈ సంగతి బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రకటించింది. అప్పటికి తీవ్రమైన రక్తహీనతకు చేతికందిన చికిత్స కాలేయం తినిపించడం. ఆ దారి చూపి 1934లో నోబెల్ అందుకున్నవారిలో ఒకరైన విలియం మర్ఫీ పనిచేసింది కూడా మన బ్రిగమ్‌లోనే! కాలేయం తినని ఇళ్ళు, తిందామన్నా కొనలేని ఇళ్ళు ఉన్న దేశానికి ఒక చెంచాడు ఈస్టు లేహ్యం ఎంత పెద్ద వరమో వేరే చెప్పాలా? అందులో ఉన్నదేమిటో తెలియక కొన్నేళ్ళు దాన్ని ‘విల్స్ ఫ్యాక్టర్’ అన్నారు. ఆ పేరే నిలిచి ఉంటే బాగుండేదని నా బాధ. ఫోలిక్ యాసిడ్ అని తర్వాత తేలింది అదే. గర్భిణులకు దాన్ని రాసే డాక్టర్లలో ఎందరికి ఆమె తెలుసు?

ఇక సుబ్బారావు. ఆయన బాల్యం గురించి చెప్పుకునే వాటిలో నాకు నచ్చినది, పదమూడేళ్ళప్పుడు కాశీకి పారిపోయి యాత్రికులకు అరటిపళ్ళు అమ్మి డబ్బు గడిద్దామనుకున్న ముచ్చట. తల్లి వెనక్కి పట్టుకొచ్చి బళ్ళో కూర్చోబెట్టింది. మద్రాసు మెడికల్ కాలేజీలో ఖద్దరు వేసుకుని తిరిగి సర్జరీ ప్రొఫెసరు ఆగ్రహానికి గురయ్యాడు. అందుకే ఎం.బి.బి.ఎస్. కాకుండా దానికి తక్కువైన ఎల్.ఎం.ఎస్.తో సరిపెట్టుకోవలసి వచ్చిందంటారు. తర్వాత ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలో పాఠాలు చెప్పాడు. మామగారి సాయం, కాకినాడ మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ ఆసరా ఉంటే 1922లో బోస్టన్ చేరాడు. మళ్ళీ ఈ గడ్డ మీద కాలు పెట్టలేదు.

ఆ ప్రయాణం వెనక ఒక విషాదం ఉంది. ఆయన అన్నదమ్ములిద్దరు రోజుల తేడాతో స్ప్రూ జబ్బుతో పోయారు. తిన్నది ఒంటికి పట్టక, విరేచనాలతో మనిషి శుష్కించిపోయే రోగం. మనవాళ్ళు సంగ్రహణి అనే జబ్బుల్లో ఇదీ ఒకటి. లూసీ విల్స్ చూసిన ఉబ్బిన కణాల రక్తహీనత స్ప్రూలోనూ ఉంటుంది. దానికి మందు ఫోలిక్ యాసిడ్ అని 1940ల నడుమ తేలింది. దాన్ని ప్రయోగశాలలో తయారుచేసి దేశదేశాలకూ అందుబాటులోకి తెచ్చింది సుబ్బారావు బృందమే. కల్పిత కథలో ఇలా రాస్తే ఎడిటరు ‘కుదరదు, మరీ అతికించినట్టుంది’ అని తిప్పి పంపేవాడు.

హార్వర్డ్‌లో ఆయన ఊరికే కూర్చోలేదు. రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్ లెక్కగట్టే ఫిస్కే–సుబ్బారావు పద్ధతి 1925 నాటిది. బయోకెమిస్ట్రీ చదివిన ప్రతివాడూ ఆ పేరు ఒక్కసారైనా పలికి ఉంటాడు. ఆ వెంటనే కణాల శక్తికి సంబంధించిన ఫాస్ఫోక్రియాటిన్, ఏటీపీల మీద పని. ఇంత చేసినా అక్కడ శాశ్వత కొలువు దక్కలేదు. 1940లో న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో ఉన్న లెడర్లీ లేబొరేటరీస్‌కు వెళ్ళి, కొద్దికాలంలోనే పరిశోధనలన్నిటికీ పెద్ద అయ్యాడు. 1941లో టెక్సస్ శాస్త్రవేత్తలు నాలుగు టన్నుల పాలకూర పిండి చిటికెడు పదార్థం తీశారు, ఫోలిక్ యాసిడ్ అన్న పేరు వాళ్ళు పెట్టిందే. ప్రతి రోగికీ టన్నుల పాలకూర పిండలేం కదా. లెడర్లీ రసాయనవేత్తలు 1945 నాటికి దాన్ని గాజు కుప్పెల్లో తయారుచేసి చూపించారు.

ఈ మూడేళ్ళంటే, 1945 నుంచి 1948 దాకా, నాకు వల్లమాలిన ఇష్టం. కొత్త విటమిన్ చేతికొచ్చింది. అది దేనికి పనికొస్తుందో అన్ని వార్డులవాళ్ళూ ప్రయత్నిస్తున్నారు. బోస్టన్ పిల్లల ఆస్పత్రిలో సిడ్నీ ఫార్బర్ అనే పెథాలజిస్టు, అంటే రోగులకు కాక శవాలకూ సీసాలకూ దగ్గరివాడు, రక్త కేన్సర్ పిల్లలకు ఫోలిక్ యాసిడ్ రకాలు ఇచ్చి చూశాడు. జబ్బు తగ్గలేదు సరికదా మజ్జలో కేన్సర్ కణాలు ఇంకా జోరందుకున్నట్టు కనబడింది. మరొకడైతే తలపట్టుకుని ఆపేసేవాడు. ఫార్బర్ బుర్ర తిరగబడి ఆలోచించింది. విటమిన్ దొరికితే పెరుగుతోందంటే, ఆ విటమిన్ పనిచేయకుండా ఆపితే?

సుబ్బారావుకు కబురు పెట్టాడు. లెడర్లీలో అప్పటికే ఫోలిక్ యాసిడ్‌ను పోలిన దొంగ అణువులు తయారవుతున్నాయి. కణంలోని ఎంజైము వాటిని అసలుదనుకుని పట్టుకుంటుంది, ఇక వదలలేదు. కొత్త డీఎన్‌ఏకి ముడిసరుకు ఆగిపోతుంది. వాటిలో గట్టిది అమినోప్టెరిన్. డోరిస్ సీగర్ అనే రసాయనవేత్త చేతి మీదుగా 1947లో తయారైంది. ఆ ఏడు డిసెంబరు చివర, రెండేళ్ళ బాబుకి, కవలల్లో ఒకడికి, దాన్ని ఇచ్చారు. ఉబ్బిన పొట్ట తగ్గింది, నడవలేనివాడు నడిచాడు. కొన్ని నెలలే అనుకోండి. ఎలాగూ పోయే పిల్లల్ని సూదులతో హింసిస్తున్నాడని ఆస్పత్రిలోనే చాలామంది ఫార్బర్ మీద గుర్రుగా ఉండేవారు. 1948 జూన్ 3న న్యూ ఇంగ్లండ్ జర్నల్‌లో ఆయన వ్యాసం వచ్చింది. 16 మంది పిల్లల్లో 10 మందికి మెరుగైందని, అది తాత్కాలికమేనని నిజాయితీగా రాశాడు. నమ్మనివాళ్ళే ఎక్కువ. పిల్లల రక్త కేన్సర్‌కు మందుతో ఉపశమనం అన్నది అంతకుముందు దాదాపు వినని మాట.

రెండు నెలలకే, ఆగస్టులో, సుబ్బారావు నిద్రలోనే పోయాడు. 53 ఏళ్ళు. అదే కాలంలో ఆయన ఛత్రం కింద బోదకాలు మందు హెట్రజాన్, బెంజమిన్ డగ్గర్ మట్టిలోంచి పట్టిన ఆరియోమైసిన్ బయటికొచ్చాయి. గోదావరి జిల్లాల్లో ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ వచ్చి మింగించిన డీఈసీ బిళ్ళలు ఆ హెట్రజానే. ఒక బూజుకు ఆయన పేరు కూడా పెట్టారు, సుబ్బరోమైసెస్ స్ప్లెండెన్స్. మన దగ్గర 1995లో పోస్టల్ స్టాంపు వేశారు.

అమినోప్టెరిన్‌కి తమ్ముడు మెథోట్రెక్సేట్. కాస్త సౌమ్యుడు. 1950ల నడుమ అన్న తెర వెనక్కి వెళ్ళిపోయి తమ్ముడే మిగిలాడు. 1956లో అమెరికా ప్రభుత్వ పరిశోధన సంస్థలో మిన్ చియూ లీ అనే డాక్టరు, మాయకు సంబంధించిన కోరియోకార్సినోమా అనే కేన్సర్‌ను ఈ మందుతో తగ్గించాడు. గడ్డ మాయమయ్యాక కూడా, రక్తంలో ఆ కేన్సర్ కణాలు వదిలే హార్మోను మామూలు స్థాయికి వచ్చేదాకా మందు ఆపకపోవడమే ఆయన నేరం. ఉద్యోగం ఊడింది. ఆయన పట్టు పట్టిన స్త్రీలకే జబ్బు తిరగబెట్టలేదని తర్వాత తేలింది. 1972లో లాస్కర్ పురస్కారంలో ఆయనకూ వాటా దక్కింది.

నాకు అన్నిటికంటే కష్టంగా తోచేది మాత్రం కీళ్ళ కథ. 1951లోనే రిచర్డ్ గబ్నర్, ఆయన సహచరులు కొద్దిమంది రుమటాయిడ్ రోగులకు అమినోప్టెరిన్ ఇచ్చి చూశారు. వాపులు తగ్గాయి. సోరియాసిస్ ఉన్నచోట చర్మమూ తేటపడింది. మరి ప్రపంచం ఎందుకు ఎగబడలేదు? అప్పుడే కార్టిజోన్ వచ్చింది. మంచం పట్టిన రోగి లేచి నడవడం చూసి అందరి కళ్ళూ చెదిరాయి. 1950 నోబెల్ దానికే. పొరుగింటి పుల్లకూర రుచి అంటారు గాని, వైద్యంలో విభాగాల సంగతి దానికి తలకిందులు. పక్క వార్డు మందంటే అనుమానం. పైగా ‘కేన్సర్ మందును కీళ్ళ నొప్పికా?’ అన్న భయం. చర్మ డాక్టర్లు కొంత నయం, 1958 నుంచి సోరియాసిస్‌లో వాడుతూ వచ్చారు, 1970ల మొదట్లో అమెరికాలో అనుమతీ దక్కింది. కీళ్ళ డాక్టర్లలో ఎక్కడో ఒకరిద్దరు తప్ప 1980ల దాకా దాని జోలికి పోలేదు. 1985లో బ్రిగమ్‌లో మైకేల్ వైన్‌బ్లాట్ బృందం పరీక్ష, 1988లో అనుమతి. ఈలోగా కార్టిజోన్ మోజు తీరి, ఎముకలు గుల్లబారడం, మొహం ఉబ్బడం లాంటి దుష్ఫలితాలు అందరికీ అనుభవమయ్యాయి. ఈ ఆలస్యంలో ఎన్ని చేతులు వంకర్లు పోయాయో లెక్క తీసినవారు లేరు.

తమాషా ఏమిటంటే, కీళ్ళలో ఈ మందు పనిచేసే తీరు కేన్సర్‌లో లాంటిది కాదని ఇప్పుడు చాలామంది నమ్ముతున్నారు. అందుకే ఫోలిక్ యాసిడ్ కలిపి ఇచ్చినా పనితనం పెద్దగా తగ్గదు, నోటి పుండ్లు, వికారం మాత్రం తగ్గుతాయి. తక్కువ మోతాదులో అది కణాల వెలుపల అడినోసిన్ పెంచి మంటను చల్లారుస్తుందని ఒక బలమైన వివరణ. హార్వర్డ్‌లో సుబ్బారావు పనిచేసిన ఏటీపీలో మొదటి అక్షరం ఆ అడినోసిన్‌దే.

ఇప్పుడు ఖరీదైన బయోలాజిక్ ఇంజెక్షన్లు, జాక్ ఇన్హిబిటర్ బిళ్ళలు వచ్చాయి. అయినా రుమటాయిడ్‌లో కీళ్ళ డాక్టర్లు మొదలుపెట్టేది దీంతోనే. చాలకపోతే దీన్ని ఉంచి దాని పైన రెండోది చేరుస్తారు. కాలేయానికీ రక్తకణాలకూ పరీక్షలు చేయిస్తూ ఉండాలి, మద్యం మానాలి, గర్భం ధరించే ఆలోచన ఉంటే ముందే ఆపాలి. ఇవి వాళ్ళు విసుగు లేకుండా చెప్పే మాటలు. రోగులకేమో ఇంటికెళ్ళి ఫోన్లో పేరు కొట్టగానే ‘కేన్సర్ మందు’ అని కనబడుతుంది. సగం భయం అక్కడ పుడుతుంది.

కొత్త కొలువులు వెతకడమూ ఆగలేదు. మంటను తగ్గిస్తే గుండెపోట్లు తగ్గుతాయేమోనని మళ్ళీ బ్రిగమ్ వాళ్ళే 4,786 మంది మీద పరీక్షించారు. తగ్గవని 2018లో తేలింది. 2023లో ఆస్ట్రేలియా పరిశోధకులు, చేతివేళ్ళ కీళ్ళు అరిగి వాచినవాళ్ళకు వారానికి 20 మిల్లీగ్రాములు ఆరు నెలలు ఇస్తే నొప్పి కొంత తగ్గిందని ప్రకటించారు. పేటెంటు ఎప్పుడో తీరిపోయిన చవక బిళ్ళ మీద ఇలాంటి పరీక్షలకు కంపెనీలు డబ్బు పెట్టవు. గుండె పరీక్షకు పెట్టింది అమెరికా ప్రభుత్వం. అందులో ‘పనిచేయదు’ అన్న జవాబు వచ్చినా ఆ ఖర్చు దండగ అననను. దండగంటే, గబ్నర్ కళ్ళారా చూసి రాసినదాన్ని ముప్పై ఏళ్ళకు పైగా బీరువాలో పెట్టుకోవడం.