వెదురు తుపాకులు, అసలు తుపాకులు

మే 7 వచ్చిందంటే అల్లూరి సీతారామరాజు విగ్రహాలకు దండలు పడతాయి. 1924లో ఆయన్ని కాల్చి చంపిన రోజది. అంతకు ఇరవై నాలుగేళ్ల ముందే సాలూరు తాలూకాలో ఆ తేదీన నెత్తురు పారింది.

అంతకు ముందరి సాలూరు కథ రెండు ముక్కల్లో తేలిపోతుంది. కొండ మీద జయపురం, దిగువన విజయనగరం, నడుమ సాలూరు, పాచిపెంట జమీందార్లు. తరాలు మారినా తగువులు మాత్రం శిస్తుల దగ్గరే తిరిగాయి.

1900లో కొర్రవానివలసకు చెందిన, కొండదొర తెగకు చెందిన కొర్రా మల్లయ్య ‘స్వామి’ అయ్యారు. నాలుగైదు వేలమంది చుట్టూ చేరారు. తాను పాండవుల్లో ఒకడినని, పసివాడైన తన కొడుకు సాక్షాత్తూ కృష్ణుడని చెప్పారు. వెదురు నరికించి, తుపాకుల్లా చెక్కించి కవాతు చేయించారు. సమయానికి ఆ వెదుర్లు నిజం తుపాకులవుతాయట, సర్కారు ఆయుధాలు నీరైపోతాయట! మే 1న సంగతి చూడ్డానికొచ్చిన ఇద్దరు కానిస్టేబుళ్లను కొట్టి చంపారు. 7న తెల్లవారుతుండగా రిజర్వు పోలీసులు శిబిరం మీద పడ్డారు. వెదురు వెదురుగానే ఉంది. పదకొండు మంది ప్రాణాలు పోయాయి. స్వామి జైల్లో కన్నుమూశారు.

మన్యానికి అసలు తుపాకులు ఇంకో దారిలో వచ్చాయి. బట్టిపనుకులకు చెందిన గాం గంటందొర, మల్లుదొర సోదరులకు డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్‌తో వైరం. రోడ్డు పనికి గిరిజనులను వెట్టిగా తోలిన ఘనత ఆ అధికారిది. సోదరులు అల్లూరి పక్కన చేరారు. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి! రోజుకొక పోలీసు స్టేషన్. దొరికిన తుపాకులు 26. నాకు ముచ్చటేసేది, పట్టుకెళ్లిన సరుకు జాబితా రాసి సంతకం పెట్టి మరీ వెళ్లడం. లెక్కా పత్రం ఇంత శుభ్రంగా ఉంచిన దోపిడీ ఇంకోటి ఉంటుందా? రాజవొమ్మంగిలో బందీగా ఉన్న వీరయ్యదొర అనే ఆయన్నీ విడిపించుకుపోయారు.

1923 సెప్టెంబరులో మల్లుదొర పట్టుబడ్డారు. ఉరిశిక్ష పడి, తర్వాత ద్వీపాంతరవాసంగా మారింది. మరుసటి ఏడు మేలో నాయకుడు, జూన్‌లో అన్న గంటందొర పోలీసు తూటాలకు పోయారు. మల్లుదొర మాత్రం అండమాన్ చూసి, బతికి తిరిగొచ్చారు.

1952లో విశాఖపట్నం ద్విసభ్య లోక్‌సభ స్థానంలో లంకా సుందరం ఒక సీటు గెలిస్తే, రెండోది స్వతంత్రుడిగా మల్లుదొరది. స్టేషన్ల మీదికి దూకిన మనిషి పార్లమెంటు మెట్లెక్కారు.

తర్వాత కథ చిక్కుపడుతుంది. శ్రీకాకుళం కొండల్లో మళ్లీ తుపాకులు లేచాయి, అణిగాయి. నియోజకవర్గాల గీతలు మారాయి. 2009 నుంచి సాలూరు వాళ్లూ, చింతపల్లి వాళ్లూ ఒకే అరకు ఎంపీకి ఓటేస్తున్నారు. 2022 ఏప్రిల్ 4న సాలూరు పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్లింది, చింతపల్లి అల్లూరి జిల్లాలోకి. మల్లుదొర పేరు ఏ జిల్లాకీ దక్కలేదు. స్టేషన్ దోచినాయన పేరు పెడితే బాగుండదనుకున్నారేమో అందామంటే, ఆ దోపిడీ నాయకుడి పేరే పెట్టారాయె.