బోస్టన్ ఫెర్న్

నెఫ్రోలెపిస్ ఎక్సాల్టాటా అనే ఫెర్న్ జాతిలో పుట్టిన సాగు రకం బోస్టన్ ఫెర్న్. వసారాల్లో వేలాడే కుండీల నుంచి ఈకల్లాంటి ఆకులు నాలుగువైపులా వంగి జారే మొక్క ఇదే. పూలు, విత్తనాలు లేకపోవడం ఫెర్న్‌లన్నిటికీ ఉన్న లక్షణం. అవి సిద్ధబీజాలతో వ్యాపిస్తాయి. దీని సిద్ధబీజాలు మాత్రం మొలకెత్తవు. కాబట్టి అరటికి లాగే దీనికీ పిలకే సంతానం.

మాతృజాతి ఫ్లోరిడా, మెక్సికో, కరీబియన్ దీవులు, మధ్య అమెరికాల్లో తేమ నేలల మీద, తాటిజాతి చెట్ల మానుల మీద పెరుగుతుంది. వృక్షశాస్త్రవేత్త లినేయస్ దాన్ని 1759లో వర్ణించాడు. దాని ఆకులు బిరుసుగా, నిటారుగా ఉంటాయి.

పంతొమ్మిదో శతాబ్దంలో ఫెర్న్‌లను ఇంట్లో పెంచడం బ్రిటన్‌లో ఒక పిచ్చిగా మారింది. దానికి దారి తీసినవాడు లండన్ వైద్యుడు నథానియల్ వార్డ్. బొగ్గు పొగకు అతని పెరటి ఫెర్న్‌లు బతికేవి కావు. 1829లో మూతపెట్టిన సీసాలో చిలకపురుగు గూడును ఉంచితే, అందులోని తడిమట్టిలో ఓ ఫెర్న్ తానుగా మొలిచింది. అలా పుట్టిన గాజుపెట్టెలు 1833లో మొక్కలను ఆస్ట్రేలియాకు సజీవంగా చేర్చాయి. చైనా తేయాకు మొక్కలు హిమాలయ సానువులకు వచ్చింది కూడా అలాంటి పెట్టెల్లోనే. ఈ వెర్రికి పేరు పెట్టి 1855లో వెక్కిరించినవాడు రచయిత చార్లెస్ కింగ్‌స్లీ. సేకరణ పేరుతో కొన్ని అరుదైన ఫెర్న్‌లను కొన్నిచోట్ల దాదాపు లేకుండా చేసిన ఆ మోజుకు వెక్కిరింత చిన్న శిక్షే.

1894లో ఫిలడెల్ఫియా నుంచి బోస్టన్ ప్రాంతానికి పంపిన ఫెర్న్‌ల సరుకులో ఒక మొక్క తేడాగా కనిపించింది. ఆకులు వెడల్పుగా, ఒయ్యారంగా వంగి ఉన్నాయి. పెరుగుదల వేగంగా ఉంది. 1896లో దానికి బోస్టోనియెన్సిస్ అన్న పేరు స్థిరపడింది. గాజుపెట్టె అక్కర్లేకుండా గది గాలిని తట్టుకోగలగడమే దాని అసలు గెలుపు. అమెరికన్ ఇళ్ల హాళ్లలో ఎత్తుపీటల మీదికి అది త్వరగానే ఎక్కింది.

ఈ మొక్కకు రూపం మార్చుకునే గుణం విపరీతం. పిలకల్లో హఠాత్తుగా ఉత్పరివర్తనాలు వస్తాయి. న్యూయార్క్ రాష్ట్రంలోని టారీటౌన్ నర్సరీలో పియర్సోనీ, మసాచుసెట్స్‌లో విట్మానీ అలా వచ్చినవే. ఒక్కో పత్రకం మళ్లీ చీలి, చివరికి ఆకు లేసు అల్లికలా మారింది. బ్రూక్లిన్ వృక్షోద్యానంలో రాల్ఫ్ బెనెడిక్ట్ ఈ రకాలను ఏళ్ల తరబడి అధ్యయనం చేశాడు. 1912లో ఫ్లోరిడాలోని అపోప్కాలో వ్యాపార సాగు మొదలైంది. ఆ ఊరు ఫెర్న్ నగరమని పేరు తెచ్చుకుంది. 1970ల్లో టిష్యూ కల్చర్ వచ్చాక పిలక తీగల కొనల నుంచే ప్రయోగశాలల్లో లెక్కలేనన్ని మొక్కలు తయారయ్యాయి. ధర దిగింది, మొక్క సామాన్యుడి గుమ్మానికి చేరింది.

గాలిని శుద్ధి చేస్తుందన్న ప్రచారం కూడా అమ్మకాలకు తోడైంది. మూసిన చిన్న గదుల్లో జరిపిన ప్రయోగాలు దానికి ఆధారం. 2019లో వచ్చిన ఒక సమీక్ష ప్రకారం, కిటికీల ద్వారా జరిగే గాలి మార్పిడితో సమానం కావాలంటే చదరపు మీటరుకు పది నుంచి వెయ్యి మొక్కలు కావాలి. కిటికీ తెరవడమే చవక.

పెంపకంలో కీలకం గాలిలో తేమ. నీడ ఉండాలి కానీ చీకటి పనికిరాదు. ఉదయపు ఎండ పడే తూర్పు వసారా మేలు. 15 నుంచి 25 డిగ్రీల వేడి దీనికి హాయి. మన మే నెల వడగాలికి, ఏసీ గదిలోని పొడిగాలికి ఆకుల కొనలు మాడి పత్రకాలు రాలతాయి. కొబ్బరి పొట్టు, మాగిన పశువుల ఎరువు కలిపిన గుల్లమట్టి వాడాలి. మట్టి ఎప్పుడూ చెమ్మగా ఉండాలి, నీరు మాత్రం నిలవకూడదు. ఆకు అడుగున వరుసగా కనిపించే గోధుమరంగు చుక్కలను చూసి పురుగు పట్టిందని మందు కొట్టేవారున్నారు. అవి సిద్ధబీజాశయాల గుంపులు. చీలిన ఆకుల రకాల్లో మామూలు ఆకు మొలిస్తే మొదలంటా కోసేయాలి, లేకుంటే కుండీ అంతా అదే ఆక్రమిస్తుంది. తొలకరిలో వేరుముద్దను రెండు మూడు ముక్కలుగా కోసి నాటుకోవచ్చు.

నర్సరీల్లో నెఫ్రోలెపిస్ కార్డిఫోలియాను కూడా ఇదే పేరుతో అమ్ముతుంటారు. దాని ఆకులు సన్నగా, నిటారుగా ఉంటాయి. వేళ్లకు గోలీల్లాంటి దుంపలుంటాయి. ఆ దుంపల్లో నీరు దాచుకుంటుంది కాబట్టి ఎండకు అదే గట్టిది. అయితే ఫ్లోరిడాలో స్థానిక వృక్షజాలాన్ని తొక్కేస్తున్న కలుపుగా దానికి చెడ్డపేరుంది. కొనేముందు కుండీ మట్టిని కాస్త వేలితో కదిపి దుంపలున్నాయేమో చూసుకోండి.