దంత ఫ్లోరోసిస్

పంటి పైపొర తయారయ్యే వయసులో ఫ్లోరైడ్ మోతాదు మించి ఒంట్లో చేరితే పళ్ల మీద సుద్దలాంటి తెల్లమచ్చలు, గోధుమరంగు చారలు, ముదిరితే గుంటలు పడతాయి. దీన్నే దంత ఫ్లోరోసిస్ అంటారు. జనం వాడుకలో ఇవి గారపళ్లు. సరిగా తోముకోక పట్టే గారకూ దీనికీ నిజానికి సంబంధం లేదు. పుట్టినప్పటి నుంచి సుమారు ఎనిమిదేళ్ల దాకా శాశ్వత దంతాలకు చిగురు లోపలే పింగాణి పొర పట్టుకుంటుంది. మచ్చ పడేది అప్పుడే, పన్ను బయటికి రాకముందే. అందుకే నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువున్న ఊరికి పెద్దయ్యాక కాపురానికి వచ్చిన కోడలి పళ్లు చెక్కుచెదరవు, ఆమె పిల్లల పళ్లకు మచ్చలు వస్తాయి. ఎముకల దగ్గర మాత్రం ఈ మినహాయింపు చెల్లదు. ఏళ్ల తరబడి అవే నీళ్లు తాగితే కోడలికీ కీళ్లు పట్టేస్తాయి, మెడ తిరగదు, నడుం వంగదు. ఇంకా ముదిరితే వెన్నుపాము నలిగి కాళ్లు చచ్చుబడతాయి.

ఈ మచ్చల ఆరా అమెరికాలో మొదలైంది. 1901లో ఫ్రెడరిక్ మెకే అనే కుర్ర దంతవైద్యుడు కొలరాడో స్ప్రింగ్స్‌లో ప్రాక్టీసు పెట్టాడు. అక్కడ పుట్టి పెరిగినవాళ్లలో చాలామంది పళ్లు గోధుమరంగే. దంతవైద్యంలో పెద్దతలకాయ జి.వి. బ్లాక్ 1909లో వచ్చి చేయి కలిపాడు. మచ్చలున్న పళ్లు పుచ్చడం తక్కువని వాళ్లకు అర్థమైంది గాని కారణం దొరకలేదు. 1923లో ఐడహోలోని ఓక్లీ నుంచి గట్టి ఆధారం వచ్చింది. ఊరికి కొత్తగా నీటిగొట్టం వేశాకే పిల్లల పళ్లు పాడయ్యాయని పట్టుకున్నది అక్కడి తల్లులే. మెకే ఆ నీళ్లు మానేయమన్నాడు. ఆ తర్వాత వచ్చిన పళ్లు శుభ్రంగా వచ్చాయి. ఆ నీళ్లలో ఉన్నదేమిటో 1931లో అల్యూమినియం కంపెనీ రసాయన శాస్త్రవేత్త చర్చిల్ తేల్చాడు. అది ఫ్లోరైడ్. లీటరుకు దాదాపు ఒక మిల్లీగ్రాము ఉంటే మచ్చలు పెద్దగా లేకుండానే పుచ్చు తగ్గుతుందని దంతవైద్యుడు ట్రెండ్లీ డీన్ లెక్కగట్టాక, 1945లో గ్రాండ్ ర్యాపిడ్స్ నగరం దాన్ని కావాలనే నీళ్లలో కలపడం మొదలుపెట్టింది.

తెలుగునాట కథ తిరగబడింది. 1937లో గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన షార్ట్, పండిట్, రాఘవాచారి కలిసి నెల్లూరు జిల్లా రోగుల గురించి ఒక పత్రం ప్రచురించారు. అప్పటి నెల్లూరు జిల్లా అంటే తర్వాత ప్రకాశంలో కలిసిన కనిగిరి, పొదిలి, దర్శి కూడా. అమెరికా వైద్యులకు అందం చెడగొట్టే మచ్చగా ఎదురైనది ఇక్కడ నడుం కొయ్యబారిన మనుషుల్లో కనిపించింది. పంటి మచ్చ ఒంటి జబ్బుకు ముందుగా వచ్చే కబురన్నది ఆ పత్రంతో మన దేశంలో స్పష్టమైంది.

తెలంగాణలోని నల్లగొండ జిల్లాలోనూ ఇదే జబ్బు. అక్కడ తప్పు నేలది. గ్రానైట్ రాళ్లలోని ఖనిజాల నుంచి ఫ్లోరైడ్ భూగర్భజలాల్లోకి దిగుతుంది. క్షారగుణం ఎక్కువై కాల్షియం తక్కువైన నీళ్లలో అది మరీ నిలుస్తుంది. కాచి తాగినా ఫలితం లేదు. నీరు ఆవిరైపోయి ఫ్లోరైడ్ చిక్కబడుతుంది. బావి ఒకటే కాబట్టి ఇంటిల్లిపాదికీ అదే తాగునీరు, అదే వంటనీరు. ఒంట్లోకి ఎంత దిగిందన్నది తిండి మీద కూడా ఆధారపడుతుంది. కాల్షియం చాలని పిల్లల మీద దెబ్బ గట్టిగా పడుతుంది. మోకాళ్లు లోపలికి ఒరిగిపోయిన యువకుల గురించి హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు 1973లో రాశారు.

నాగ్‌పూర్‌లోని నీరి సంస్థ 1975లో ఇచ్చిన ‘నల్లగొండ పద్ధతి’కి యంత్రం అక్కర్లేదు. నీళ్లలో సున్నం, బ్లీచింగ్ పౌడర్, పటిక వేసి కలిపి, తేరాక పైనీళ్లు వంచుకోవడమే. కాగితం మీద ఇంతకన్నా చవకైన మార్గం లేదు. కానీ రోజూ కొలిచి, కలిపి, అడుగున మిగిలిన బురద పారబోసే పని ఇంటి ఆడవాళ్ల నెత్తిన పడింది. పటిక మోతాదు తప్పితే నీళ్లలో అల్యూమినియం మిగులుతుంది. ఈ పద్ధతి జిల్లా పేరును దేశదేశాలకు తీసుకెళ్లింది గాని జిల్లాకు నీళ్లు తేలేదు.

నీళ్లు రాలేదన్న కోపం 1996 లోక్‌సభ ఎన్నికల్లో బయటపడింది. నీళ్ల కోసం పోరాడుతున్న జలసాధన సమితి పిలుపు మీద నల్లగొండ బరిలో అభ్యర్థులు 480 మంది నిలిచారు. బ్యాలెట్‌ను పుస్తకంలా అచ్చువేయాల్సి వచ్చి పోలింగే వాయిదా పడింది. మరికొన్ని చోట్లా ఇలాగే జరగడంతో లోక్‌సభ ధరావతును 500 రూపాయల నుంచి 10,000కు పెంచారు. నీళ్లడిగితే డిపాజిట్ పెంచారని వెటకారం చేయడానికి ఇంతకన్నా అవకాశం ఏముంటుంది! కృష్ణా జలాలు అంచెలంచెలుగా వచ్చాయి. 2016లో మొదలైన మిషన్ భగీరథ ఇళ్లకు కుళాయిలు తెచ్చింది.

భారత ప్రమాణం ప్రకారం తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు, వేరే దారి లేనిచోట 1.5 దాకా ఒప్పుకుంటారు. ఫ్లోరైడ్ టూత్‌పేస్టు పుచ్చును ఆపుతుంది. అయితే చిన్నపిల్లలు ఉమ్మేయకుండా మింగేస్తారు కాబట్టి మూడేళ్లలోపు వాళ్లకు బియ్యపుగింజంత, ఆరేళ్లలోపు వాళ్లకు బఠాణీగింజంత పెడితే చాలు. పడిన మచ్చ తోమితే పోదు. దంతవైద్యులు పైపొరను పలచగా అరగదీసి తగ్గించగలరు, లేదా వెనీర్ అనే పలచటి తొడుగు అతికించి కప్పగలరు. బిగుసుకుపోయిన వెన్నుకు అలాంటి వైద్యం లేదు. నీళ్లు మారాక పుట్టిన చెల్లెలి పళ్లు తెల్లగా, అన్న పళ్లు గోధుమరంగులో ఉన్న ఇంట్లో, కుళాయి ఏ ఏడు వచ్చిందో దంతవైద్యుడు అడగకుండానే అంచనా కట్టగలడు.