మంచుకొండల్లో మెలకువ: మంచుచరియల జాగ్రత్తలు, తెలుగువారి అడుగులు

కొండవాలు మీద పేరుకున్న మంచు పట్టు తప్పి ఒక్కసారిగా కిందికి జారిపడటమే మంచుచరియ. శీతకాలంలో మంచు కురిసిన ప్రతిసారీ వాలు మీద ఒక కొత్త పొర చేరుతుంది. కొన్ని పొరలు కింది పొరకు గట్టిగా అతుక్కుంటాయి, కొన్ని అతుక్కోవు. మంచు పలచగా ఉండి, ఆకాశం నిర్మలంగా, చలి తీవ్రంగా ఉన్న రోజుల్లో అడుగు పొర ఒకదానికొకటి అంటని పెద్ద పెద్ద రేణువులుగా మారుతుంది. దాని మీద కొత్త మంచు బరువు పడినా, గాలి మోసుకొచ్చిన మంచు పలకలా గట్టిపడినా ఆ బలహీనమైన పొర భరించలేదు. అది విరిగిన క్షణంలో పైనున్న పలక మొత్తం కదిలిపోతుంది.

ఇలాంటి పలకలు ఎక్కువగా 30 నుంచి 45 డిగ్రీల వాలులో జారతాయి. అంతకన్నా నిటారు కొండల మీద మంచు నిలవకుండా ఎప్పటికప్పుడు రాలిపోతుంది. అంతకన్నా తక్కువ వాలులో సాధారణంగా కదలదు. స్కీయింగ్ చేసేవారు ఇష్టపడే వాలులు కూడా సరిగ్గా ఇవే. వినోదం కోసం కొండలెక్కేవారి ప్రాణాలు తీసిన మంచుచరియల్లో పదింట తొమ్మిదింటిని కదిలించినది ఆ బాధితులో, వారి బృందంలోని మరొకరో. కాబట్టి ఎక్కడ అడుగు పెట్టాలి, ఎప్పుడు వెనుదిరగాలి అన్న నిర్ణయమే ఈ భద్రతకు మూలం. ఈ సంగతి ప్రపంచానికి నెమ్మదిగా, ఎన్నో ప్రాణాలు పోయాక తెలిసింది.

హిమాలయాల్లో తొలి దెబ్బలు

1895లో బ్రిటిష్ పర్వతారోహకుడు ఆల్బర్ట్ మమ్మరీ, ఇద్దరు గూర్ఖా సైనికులతో కలిసి నంగా పర్బత్ మీద కనుమరుగయ్యాడు. వాళ్లు మంచుచరియ కింద చిక్కుకుని ఉంటారని భావిస్తారు. ఆ కాలంలో హిమాలయాలకు వచ్చిన యూరప్ యాత్రికులకు ఆల్ప్స్ అనుభవమే ఆధారం. ఇక్కడి ఎత్తులు, రుతుపవనాలు తెచ్చే మంచు వారికి కొత్త.

1922 జూన్ 7న ఎవరెస్టు ఉత్తర భాగంలో నార్త్ కోల్ అనే కనుమకు ఎక్కే వాలు మీద జరిగిన ప్రమాదం చరిత్రలో నిలిచిపోయింది. జార్జ్ మలోరీ నడిపిస్తున్న బృందం, కొత్త మంచు బాగా కురిసిన కొద్ది రోజులకే ఆ వాలు ఎక్కబోయింది. వాలు విరిగింది. బరువులు మోస్తున్న షెర్పాల్లో ఏడుగురు చనిపోయారు. ఎవరెస్టు మీద నమోదైన తొలి మరణాలు ఇవే. కొత్త మంచు కుదురుకునే దాకా ఆగాలన్న నియమాన్ని ఆ ఏడు ప్రాణాలు నేర్పాయి. అయినా 1937 జూన్‌లో నంగా పర్బత్ మీద ఒక శిబిరం మొత్తం రాత్రివేళ మంచు కింద పూడిపోయి 16 మంది మరణించారు. వారిలో ఏడుగురు జర్మన్లు, తొమ్మిది మంది షెర్పాలు. నడిచే దారిని మాత్రమే కాదు, గుడారం వేసే చోటును కూడా పైనున్న వాలును చూసి ఎంచుకోవాలని ఆ దుర్ఘటన చెప్పింది.

ఆల్ప్స్‌లో పుట్టిన శాస్త్రం

మంచును శాస్త్రంగా చదవడం యూరప్‌లో మొదలైంది. ఆస్ట్రియాకు చెందిన మథియాస్ జ్దార్‌స్కీ నిటారు వాలుల మీద స్కీ చేసే పద్ధతిని 1890లలో రూపొందించి వేలాది మందికి నేర్పాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికులకు మంచుకొండల మెలకువలు చెబుతూ 1916లో ఆయనే మంచుచరియలో చిక్కుకున్నాడు. ఒంట్లో దాదాపు 80 చోట్ల ఎముకలు విరిగాయి, కీళ్లు తప్పాయి. అయినా బతికి, చూసినదంతా రాసిపెట్టాడు. అదే ఏడాది డిసెంబరు 13న ఇటలీ సరిహద్దులోని మార్మొలాడా కొండ మీద ఒకే మంచుచరియ ఆస్ట్రియా సైన్యానికి చెందిన వందల మందిని బలిగొంది. శత్రువు తుపాకీకి చిక్కకుండా కొండ నీడలో కట్టుకున్న బ్యారక్‌లు మంచు దారికి ఎదురుగా ఉన్నాయి.

ఈ నష్టాల తర్వాత స్విట్జర్లాండ్ 1930లలో దావోస్ పట్టణానికి పైన వైస్‌ఫ్లూయోఖ్ శిఖరం వద్ద మంచు పరిశోధన ప్రారంభించింది. మంచులో గొయ్యి తవ్వి పొరలను ఒక్కొక్కటిగా పరీక్షించే పద్ధతి అక్కడ స్థిరపడింది. రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన 1945 నుంచి ఆ సంస్థ మంచుచరియల హెచ్చరికలను సాధారణ ప్రజలకు అందించసాగింది. 1950-51 శీతకాలంలో ఆల్ప్స్ అంతటా కలిపి 200 మందికి పైగా మంచుచరియల కింద చనిపోయాక, ఊళ్ల పైనున్న వాలుల్లో ఉక్కు అడ్డుకట్టలు కట్టడం, ప్రమాద పటాలు గీయడం, అడవులను కాపాడటం ప్రభుత్వాల బాధ్యతగా మారాయి.

గుల్‌మార్గ్ నుంచి మనాలి దాకా

భారతదేశంలో స్కీయింగ్‌కు పుట్టినిల్లు కశ్మీర్‌లోని గుల్‌మార్గ్. బ్రిటిష్ సైనికాధికారులు 1927లో అక్కడ స్కీ క్లబ్ ఆఫ్ ఇండియాను స్థాపించారు. స్వాతంత్ర్యం వచ్చిన మరుసటి ఏడాదే, కశ్మీర్ యుద్ధ సమయంలో, భారత సైన్యపు 19వ డివిజన్ 1948 డిసెంబరులో గుల్‌మార్గ్‌లో స్కీ పాఠశాల పెట్టింది. అదే పెరిగి నేటి హై ఆల్టిట్యూడ్ వార్‌ఫేర్ స్కూల్ అయింది. మైదానాల్లో పుట్టి మంచు ఎరుగని సైనికులు స్కీల మీద నిలబడటం, మంచులో చిక్కుకున్నవారిని వెతకడం నేర్చుకునే బడి ఇది.

1962 చైనా యుద్ధం తర్వాత సరిహద్దు దారులు చాలావరకు మంచుచరియల వాలుల కింద నుంచే సాగాయి. ఆ దారులను కాపాడేందుకు రక్షణ పరిశోధన సంస్థ 1969లో మనాలిలో మంచు, మంచుచరియల అధ్యయన సంస్థను నెలకొల్పింది. హిమాలయమంతా ఒకే తీరుగా ఉండదని దాని పరిశోధనలు చూపాయి. పీర్ పంజాల్ వంటి దిగువ శ్రేణుల్లో మంచు తడిగా, లోతుగా పడుతుంది. లద్దాఖ్, కారకోరం వైపు మంచు పలచన, చలి ఎక్కువ. అందువల్ల అక్కడ అడుగు పొరలు చాలాకాలం బలహీనంగానే ఉండిపోతాయి. ఈ సంస్థ 2020లో మరో ప్రయోగశాలతో కలిసి డిఫెన్స్ జియోఇన్ఫర్మేటిక్స్ పరిశోధన సంస్థగా మారింది. జమ్మూ కశ్మీర్, లద్దాఖ్, హిమాచల్, ఉత్తరాఖండ్ ప్రాంతాలకు శీతకాలంలో మంచుచరియల హెచ్చరికలు ఇచ్చేది ఇదే.

తెలుగు నేల నుంచి మంచుకొండలకు

కృష్ణా డెల్టా పిల్లలకు కొండ అంటే ఇంద్రకీలాద్రి, కొండపల్లి. మంచు చూడాలంటే దేశం దాటినంత దూరం పోవాలి. అయినా తెలుగువారు మంచుకొండలకు వెళ్లారు. మొదటి దారి సైన్యం. విజయనగరం జిల్లా కోరుకొండలో 1962లో ప్రారంభమైన సైనిక్ స్కూల్‌లో చదివిన ఎం. ఉదయ భాస్కరరావు 1985 భారత సైన్య ఎవరెస్టు యాత్రలో పాల్గొన్నారు. ఆ యాత్రలో ఒకరు జారిపడి, నలుగురు తుపానులో చిక్కుకుని, మొత్తం ఐదుగురు మరణించారు. ఆ ఐదుగురిలో ఆయన ఒకరు.

ఆయన స్ఫూర్తితో కొండల బాట పట్టినవాడు అదే బడిలో చదివిన మల్లి మస్తాన్ బాబు. నెల్లూరు జిల్లాలోని గాంధీ జన సంగం ఆయన సొంత ఊరు. 2006లో ఏడు ఖండాల అత్యున్నత శిఖరాలను 172 రోజుల్లో ఎక్కాడు. 2015 మార్చిలో చిలీ, అర్జెంటీనా సరిహద్దులోని సెర్రో ట్రెస్ క్రూసెస్ శిఖరానికి ఒంటరిగా బయల్దేరి వాతావరణం చెడిపోవడంతో ప్రాణాలు కోల్పోయాడు. మంచుకొండల్లో తోడు లేని మనిషికి ఆపద వస్తే సాయం అందడానికి రోజులు పడుతుందని, ఎంత అనుభవజ్ఞుడికైనా ఇది వర్తిస్తుందని ఆ మరణం తెలుగువారికి గుర్తు చేసింది.

రెండో దారి భువనగిరి కోట బండ నుంచి సాగింది. 2007లో ఎవరెస్టు ఎక్కిన శేఖర్ బాబు బాచినేపల్లి అక్కడ శిక్షణ ఇచ్చారు. అప్పట్లో సాంఘిక సంక్షేమ గురుకులాల కార్యదర్శిగా ఉన్న ఐపీఎస్ అధికారి ఆర్.ఎస్. ప్రవీణ్ కుమార్ తమ విద్యార్థులను ఆ శిక్షణకు పంపారు. అక్కడి నుంచి డార్జిలింగ్‌లోని హిమాలయన్ మౌంటెనీరింగ్ ఇన్‌స్టిట్యూట్, ఆ తర్వాత లద్దాఖ్ చలి. ఒక్కో మెట్టు దగ్గర కొందరు మాత్రమే పైకి వెళ్లేవారు. చివరికి నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామానికి చెందిన మాలావత్ పూర్ణ, ఖమ్మం జిల్లాకు చెందిన సాధనపల్లి ఆనంద్ కుమార్ ఎవరెస్టు యాత్రకు ఎంపికయ్యారు.

నేపాల్ వైపు 16 ఏళ్లు నిండాలన్న నిబంధన ఉండటంతో వారు టిబెట్ వైపు నుంచి ఎక్కారు. ఆ ఏడాది, అంటే 2014 ఏప్రిల్ 18న, నేపాల్ వైపు ఖుంబూ ఐస్‌ఫాల్ మీద పడిన మంచు 16 మంది నేపాలీ పనివారిని చంపింది. వారిలో ఎక్కువ మంది షెర్పాలు. మే 25న పూర్ణ, ఆనంద్ శిఖరం చేరారు. పూర్ణ వయసు అప్పటికి 13 ఏళ్ల 11 నెలలు. వారు దాటింది 1922లో ఏడుగురు షెర్పాలు చనిపోయిన ఆ నార్త్ కోల్‌నే. ఇప్పుడు ఆ వాలు మీద ముందుగానే బిగించిన తాళ్లు, వాతావరణ సూచనలు, మంచు కుదురుకునే దాకా శిబిరంలో ఆగే క్రమశిక్షణ ఉన్నాయి.

మంచులో కాపలా కాసే తెలుగు సైనికుల త్యాగం అంతగా వినిపించదు. 2016 ఫిబ్రవరి 3న సియాచిన్‌లో 19,000 అడుగులకు పైన ఉన్న సోనమ్ పోస్టు మీద మంచు విరిగిపడి మద్రాస్ రెజిమెంట్ దళంలోని పదిమంది సమాధి అయ్యారు. వారిలో కర్నూలు జిల్లా సైనికుడు కూడా ఉన్నాడు. శునకాలతో, మంచు లోపలికి చూడగల రాడార్లతో వెతగ్గా, ఆరు రోజుల తర్వాత కర్ణాటకకు చెందిన హనుమంతప్ప కొప్పద్ ప్రాణాలతో దొరికాడు. కానీ ఫిబ్రవరి 11న ఆసుపత్రిలో కన్నుమూశాడు.

నిమిషాల మీద ఆధారపడిన ప్రాణం

మంచు కింద అన్ని రోజులు బతకడం అత్యంత అరుదు. స్విట్జర్లాండ్ ప్రమాదాల లెక్కల మీద 1994లో వెలువడిన అధ్యయనం ప్రకారం, పూర్తిగా పూడిపోయినవారిని 15 నిమిషాల్లో వెలికితీస్తే పదిమందిలో తొమ్మిది మంది బతుకుతారు. 35 నిమిషాలు గడిస్తే ముగ్గురే మిగులుతారు. జారడం ఆగిన మంచు గట్టిపడి చెయ్యి కూడా కదలనివ్వదు. వదిలిన గాలినే మళ్లీ పీల్చడంతో ఊపిరి ఆడక మరణిస్తారు. సైన్యమో, హెలికాప్టరో వచ్చేసరికి ఆ గడువు దాటిపోతుంది. రక్షించగలిగేది పక్కనున్న తోటివారే.

ఆ తోటివారి చేతిలోని సాధనాలు క్రమంగా మెరుగుపడ్డాయి. ఇరవయ్యో శతాబ్ది తొలి దశకాల్లో నడుముకు ఎర్రటి పొడవాటి తాడు కట్టుకునేవారు. మనిషి పూడిపోయినా తాడు కొస పైకి కనిపిస్తుందన్నది ఆశ. 1968లో అమెరికా ఇంజనీరు జాన్ లాటన్ సంకేతాలు పంపే, అందుకునే స్కాడీ అనే చిన్న రేడియో పరికరాన్ని తయారుచేశాడు. తర్వాత దేశదేశాల పరికరాలు ఒకదాని సంకేతాన్ని మరొకటి అందుకునేలా 457 కిలోహెర్ట్జ్ ప్రమాణం 1980లలో కుదిరింది. సంకేతాన్ని బట్టి చోటు గుర్తించడానికి బీకన్, లోతు తెలుసుకోవడానికి మడతపెట్టే పొడవాటి ప్రోబ్ కడ్డీ, తవ్వడానికి లోహపు పార. ఈ మూడింటిలో ఏది లేకపోయినా మిగిలిన రెండూ పెద్దగా ఉపయోగపడవు. ముందే కలిసి సాధన చేయని బృందం చేతిలో ఈ మూడూ ఉన్నా సమయం చాలదు.

హద్దులు దాటిన వాలులు, నేటి ఆచారం

గుల్‌మార్గ్ గొండోలా రోప్‌వే రెండో దశ 2005లో తెరుచుకుని, అఫర్వత్ కొండ మీద దాదాపు 4,000 మీటర్ల ఎత్తుకు మనుషులను చేర్చసాగింది. అప్పటి నుంచి గస్తీ ఉన్న హద్దులు దాటి, ఎవరూ తొక్కని మంచులోకి దిగే స్కీయర్లు పెరిగారు. స్కీల అడుగున బొచ్చు పట్టీలు అంటించుకుని తామే కొండెక్కి దిగేవారూ ఉన్నారు. ఆ వాలులు కఠినమైనవి. 2010 ఫిబ్రవరి 8న ఖిలన్‌మార్గ్‌లో శిక్షణలో ఉన్న 17 మంది సైనికులు మంచుచరియకు బలయ్యారు. 2024 ఫిబ్రవరిలో అదే ప్రాంతంలో ఒక రష్యన్ స్కీయర్ మరణించాడు. 2022 అక్టోబరు 4న ఉత్తరాఖండ్‌లోని ద్రౌపదీ కా దండా-2 శిఖరం మీద ఉత్తరకాశీ నెహ్రూ మౌంటెనీరింగ్ ఇన్‌స్టిట్యూట్ శిక్షణ బృందం చిక్కుకుని 27 మంది చనిపోయారు, ఇద్దరి ఆచూకీ అప్పట్లో దొరకలేదు. నేర్చుకునేవారు, నేర్పేవారు కలిసి పోయిన ఆ విషాదం దేశంలోని పర్వతారోహణ సంస్థలన్నిటినీ కలచివేసింది.

ఇప్పటి ఆచారం ఇంట్లోనే మొదలవుతుంది. తుపాను వేళ మచిలీపట్నం రేవులో ఎగరేసే ప్రమాద సూచిక సంఖ్యను బట్టి కంకిపాడు నుంచి నాగాయలంక దాకా రైతులు కోతలు, కుప్పలు, ప్రయాణాలు నిర్ణయించుకున్నట్టే, కొండకు పోయేవారు మంచుచరియల బులెటిన్ చూసి దారి ఎంచుకుంటారు. ఐరోపా దేశాలు 1993లో ఒకటి నుంచి ఐదు దాకా ఉమ్మడి ప్రమాద స్థాయిలు పెట్టుకున్నాయి. నాలుగో, ఐదో స్థాయిలో చాలామంది ఇంటిపట్టునే ఉంటారు. ఎక్కువ మరణాలు నమోదయ్యేది మూడో స్థాయిలో. మధ్యస్థంగా కనిపించే ఆ సంఖ్యను చూసి జనం ధీమా పడతారు.

కొండ మీదికి చేరాక వాలు కోణం కొలుస్తారు. కాలి కింద మంచు గుప్పుమని కుంగడం, అడుగు ముందు పగుళ్లు పాకడం, పక్క వాలులో తాజాగా జారిన గుర్తులు కనిపించడం వెనుదిరగమనే సూచనలు. అనుమానం ఉన్న వాలును ఒక్కొక్కరుగా దాటుతారు, మిగిలినవారు భద్రమైన చోట నిలబడి కళ్లు తిప్పకుండా చూస్తారు. బృందంలో ఏ ఒక్కరు వద్దన్నా, వారు కొత్తవారైనా సరే, అందరూ ఆగుతారు.

మనాలికీ గుల్‌మార్గ్‌కీ విహారానికి వెళ్లే తెలుగు కుటుంబాలకు, కొలరాడో, వాషింగ్టన్ రాష్ట్రాల్లో స్థిరపడి శీతకాలంలో స్కీ నేర్చుకుంటున్న తెలుగు యువతకు, సైన్యంలో చేరే పల్లెటూరి కుర్రాళ్లకు ఈ పాఠాలు ఒకటే. గస్తీ ఉన్న హద్దుల్లో స్కీ చేసేవారికి అక్కడి సిబ్బంది మాట వినడం చాలు. ఆ హద్దు దాటదలచినవారు మాత్రం ముందుగా శిక్షణ పొందాలి, మూడు సాధనాలతో సాధన చేయాలి, అనుభవమున్న తోడుతో వెళ్లాలి, ఆ రోజు బులెటిన్ వద్దంటే ప్రయాణం మానుకోవాలి.