సౌలభ్య సూచికలు, ప్రజా రవాణా (అమెరికా)

అమెరికాలోని బస్సులు, రైళ్లు, స్టేషన్లలో వికలాంగులకు దారి తెలిపే బోర్డులు 1990 నాటి అమెరికన్స్ విత్ డిజెబిలిటీస్ యాక్ట్ (ఏడీఏ) పరిధిలోకి వస్తాయి. ఈ చట్టం కింద యాక్సెస్ బోర్డు అనే ఫెడరల్ సంస్థ కనీస మార్గదర్శకాలను రూపొందిస్తుంది. అయితే రవాణా శాఖ గానీ న్యాయ శాఖ గానీ స్వీకరించేదాకా వాటిని పాటించి తీరవలసిన పని లేదు. ఈ రంగంలోని వైరుధ్యాలకు మూలం చాలావరకు ఈ అంచెల ఏర్పాటులోనే కనిపిస్తుంది.

అక్షరాల కొలతలు: వాహనాలకు 1991 నాటి నిబంధనలు, స్టేషన్లకు 2006లో రవాణా శాఖ స్వీకరించిన ప్రమాణాలు వర్తిస్తాయి. బస్సు గమ్యస్థానపు బోర్డుపై అక్షర గీత మందం ఎత్తులో పదో వంతు నుంచి ఐదో వంతు దాకా ఉండాలి. ముందు బోర్డు అక్షరం కనీసం 2 అంగుళాలు, ఎక్కే వైపున 1 అంగుళం ఎత్తుండాలి. స్టేషన్ బోర్డుపై గీత మందం 10 నుంచి 30 శాతం వరకు చెల్లుతుంది. 2 అంగుళాల అక్షరాన్ని అర అంగుళం గీతతో రాస్తే అది ప్లాట్‌ఫారంపై నిబంధనకు లోబడుతుంది, బస్సుపై ఉల్లంఘన అవుతుంది. గీత సన్నబడితే అక్షరం దూరానికి ఆనదు, లావైతే లోపలి ఖాళీలు పూడుకుపోతాయి కనుక, ఒకే ప్రయాణంలో రెండింటినీ చదవవలసిన మందదృష్టి గల ప్రయాణికునికి ఈ తేడా చిన్నది కాదు. యాక్సెస్ బోర్డు 2016లో బస్సుల మార్గదర్శకాలను సవరించినా, రవాణా శాఖ స్వీకరిస్తే తప్ప అవి అమలుకు రావు.

చిహ్నం: చక్రాల కుర్చీ చిహ్నం పుట్టిన ఏడాదిని కొందరు 1968గా, మరికొందరు 1969గా పేర్కొంటారు, మొదటిది డెన్మార్క్ విద్యార్థిని సుసానె కోఫోడ్ రూపకల్పనకు, రెండోది అంతర్జాతీయ ఆమోదానికి చెందినవని భావించడం సమంజసం. ముందుకు వంగి కదులుతున్న మనిషిని చూపే కొత్త చిహ్నాన్ని కొత్తగా పెట్టే, మార్చే బోర్డులపై వాడాలని న్యూయార్క్ రాష్ట్రం 2014లో చట్టం చేసింది. ఫెడరల్ ప్రమాణాలు మాత్రం పాత చిహ్నాన్నే నిర్దేశిస్తున్నాయి. ఫెడరల్ హైవే అడ్మినిస్ట్రేషన్ 2015లో కొత్త చిహ్నం రహదారి బోర్డులకు చెల్లదని తేల్చింది. రాష్ట్ర చట్టం వేరుగా చెప్పినా ఏడీఏ కింద పాత చిహ్నమే తప్పనిసరి అని యాక్సెస్ బోర్డు 2017లో వివరించింది.

సమానమైన సౌలభ్యం కల్పించే ప్రత్యామ్నాయాన్ని ఏడీఏ ప్రమాణాలు అనుమతిస్తాయి గనుక కొత్త చిహ్నం చెల్లుతుందన్న వాదన ఉంది. స్టేషన్ల విషయంలో ఈ వాదన బలహీనంగా తోస్తుంది. అక్కడ అటువంటి ప్రత్యామ్నాయానికి ఫెడరల్ రవాణా అధికారుల నిర్ణయాన్ని కోరవలసి ఉంటుంది. వికలాంగుల గౌరవాన్ని కోరిన రాష్ట్ర చట్టమూ, ఎక్కడైనా ఒకే గుర్తు ఉండాలన్న ఫెడరల్ నియమమూ రెండూ ప్రయాణికుని మేలు కోసమే పుట్టినవి కాబట్టి, వీటిని సమన్వయించే భారం బోర్డు చదివే మనిషిపై కాక నిబంధనలు రాసే శాఖలపైనే ఉండాలి.