సబాటికల్‌ సెలవులో మరో కొలువు కుదరదు

సబాటికల్‌ సెలవుపై వెళ్లిన విశ్వవిద్యాలయ అధ్యాపకులకు పూర్తి జీతభత్యాలు అందుతాయి. బయటి సంపాదనకు మాత్రం హద్దులున్నాయి. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం ఆ కాలంలో దేశంలో గానీ, విదేశాల్లో గానీ మరో సంస్థలో రెగ్యులర్‌ ఉద్యోగంలో చేరరాదు. ఫెలోషిప్‌, గౌరవ వేతనంపై తాత్కాలిక బోధన, పరిశోధన వంటివి స్వీకరించేందుకు అనుమతి పొందవచ్చు. అసలు చిక్కు ఇక్కడే ఉంది. అలాంటి సందర్భాల్లో పాలక మండలి తలచుకుంటే జీతభత్యాలను తగ్గించి సెలవు మంజూరు చేయవచ్చు. గౌరవ వేతనం చేతికందినా మొత్తం రాబడి పెరుగుతుందన్న భరోసా లేదు. ఒప్పుకొనే ముందే రాతపూర్వక అనుమతి తీసుకోవడం మేలు.

ప్రొఫెసర్‌ లేదా అసోసియేట్‌ ప్రొఫెసర్‌గా ఏడేళ్ల సర్వీసు నిండిన శాశ్వత అధ్యాపకులే ఈ సెలవుకు అర్హులు. ఒక విడతకు ఏడాది, మొత్తం సర్వీసులో రెండేళ్లు మించదు. గడువు తీరాక తిరిగి విధుల్లో చేరితేనే ఆ కాలాన్ని పింఛనుకు లెక్కిస్తారు.